మెరివెదర్ జెర్సీ

పిట్స్‌బర్గ్‌లో రివెటర్స్ బాస్కెట్‌బాల్ జట్టు ఆటగాళ్ల వీపుల మీద పేర్లు కుట్టేది లోరేన్ పవ్లాక్. స్టేడియం కింద, బట్టలుతికే గది పక్కన ఆమెకో ఇరుకు గది. కుట్టు మిషను, దాని ముందో కుర్చీ, దారాల రీళ్లు, ఇస్త్రీ బల్ల, ఓ స్టూలు. అంతెత్తు మనుషులు గుమ్మం దగ్గర తల వంచి లోపలికొచ్చేవాళ్లు. జెర్సీల కోసమే కాదు, ప్యాంటు గుండీ ఊడినా, పెళ్లాం కొనిచ్చిన కోటు చిరిగినా లోరేన్ దగ్గరికే. అందరికంటే ఎక్కువగా వచ్చేవాడు లోనీ ప్రూట్. ఏడాదిగా ఆటలోకి దించకపోవడంతో బెంచీ మీదే కూర్చుంటున్నాడు కాబట్టి బోలెడు తీరిక.

"మిస్ లోరేన్, మా పాప బొమ్మకి చెయ్యి ఊడిపోయింది" అన్నాడోసారి.

"నీకంటే ఆ బొమ్మే నయం నాయనా. చెయ్యి ఊడేదాకా ఆడింది. ఇలా పడెయ్."

లోనీ గది అదిరేలా నవ్వాడు.

ఆ ఫిబ్రవరిలో ఊరంతా ఒకటే మాట, డెలాన్ మెరివెదర్. అంతటి ఆటగాడు మన జట్టుకి వస్తాడట. లోరేన్ భర్త రే బస్సులు నడిపి రిటైరైన మనిషి. అన్నం ముందు కూర్చున్నా అదే గోల.

ఒకరోజు జట్టు మేనేజరు హాల్వర్సన్ కిందికి దిగొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "లోరేన్‌గారూ, మెరివెదర్ పేరు కుట్టి ఉంచండి. కుదిరితే రేపే వేసుకోవాలి. ఇంట్లో కూడా అనకండి."

"బదులుగా ఎవర్ని పంపుతున్నావు?"

"ఇద్దరు కొత్త కుర్రాళ్లు. లోనీ."

"బెంచీ మీద కూర్చునేవాణ్ణి అవతలి జట్టువాళ్లేం చేసుకుంటారు?"

"వాళ్లకి కావలసింది ఆ కుర్రాళ్లే. కానీ వచ్చేవాడి జీతానికి వెళ్లేవాళ్ల జీతాలు ఇంచుమించు సరిపోవాలి. అది రూలు. లోనీకి బాగా ఆడిన రోజుల్లో రాసుకున్న పెద్ద జీతం ఉంది. అతను లేకపోతే లెక్క కుదరదు."

లోరేన్ అక్షరాలు కత్తిరించి, ఆకుపచ్చ జెర్సీ మీద పరిచి, కుట్టడం మొదలుపెట్టింది. పొడుగు పేరు, ఈ భుజం నుంచి ఆ భుజం దాకా వచ్చింది. చేతుల్లో పని ఉన్నంతసేపూ లోనీ గురించి ఆలోచించకూడదనుకుంది. కుదరలేదు.

ఆ సాయంత్రం రే ఆలుగడ్డ కూరి ఉడికించిన పిరోగీల మీద వేయించిన ఉల్లిపాయలు కుమ్మరించుకుంటూ అందుకున్నాడు. "ఓనరు పిసినారి వెధవ కాకపోతే, ఈపాటికి తెచ్చేసేవాడు. నువ్వేమంటావు?"

"నేనేమంటాను, ఉప్పు సరిపోయిందా అంటాను."

"స్టేడియంలో పనిచేస్తూ ఒక్క ముక్కా తెలీదు నీకు!"

లోరేన్‌కి నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. నాలిక చివరిదాకా వచ్చిన మాటను పిరోగీతో పాటు మింగేసింది.

ఆటగాళ్లను మార్చుకోవడానికి మర్నాడే గడువు. మధ్యాహ్నం హాల్వర్సన్ మళ్లీ వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. కింద ఫోన్లు సరిగా పలకవు, అందుకే వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. లోరేన్ తన శాండ్‌విచ్‌లో సగం తుంచి చేతిలో పెట్టింది.

"మెరివెదర్‌ని తెస్తే ఈ ఏడు గెలుస్తామేమో" అన్నాడు నములుతూ. "వచ్చే ఏడు అతని జీతం ఇంకా పెరుగుతుంది. జట్టు జీతాలన్నీ కలిపి లీగు గీసిన గీత దాటితే, దాటిన ప్రతి డాలరుకీ ఓనరు మూడు నాలుగు డాలర్లు పన్ను కట్టాలి. అప్పుడు ఇంకెవర్నీ కొనలేం, ఉన్నవాళ్లని నిలుపుకోలేం. అతనికి మోకాలు నొప్పొస్తే జట్టంతా గోవిందా. తేకపోతే ఊరు నన్ను బతకనివ్వదు."

"మా ఆయన అసలు బతకనివ్వడు."

ఆ మాటకి హాల్వర్సన్ నవ్వబోతుండగా తలుపు తోసుకుని లోనీ వచ్చాడు. లోరేన్ బల్ల మీది జెర్సీని చప్పున లాగి దాని మీద కూర్చుంది.

"బొమ్మ అయిందా మిస్ లోరేన్? ఇవాళ పాప పుట్టినరోజు." అంతలో మేనేజర్ని చూశాడు. "సార్, నేను వెళ్లేవాణ్ణయితే సాయంత్రం కేకు కోశాక చెప్పండి. పరవాలేదు, అలవాటే."

హాల్వర్సన్ శాండ్‌విచ్ వైపే చూస్తూ తలూపాడు. లోనీ బొమ్మను చొక్కాలో దోపుకుని వెళ్లిపోయాడు.

గడువు దాటింది. మెరివెదర్ రాలేదు. అవతలి జట్టు చివర్లో మరో మంచి కుర్రాణ్ణి కూడా అడిగిందట, హాల్వర్సన్ వద్దనేశాడట. లోనీ మీద జాలితోనా అని లోరేన్ అడిగితే, "కాదండీ, ఇంకో కుర్రాణ్ణి కూడా ఇచ్చి, పైగా ఆ పన్ను భరించలేం" అన్నాడు. ఆమె నమ్మింది. అయినా ఆ మనిషంటే ఆమెకి అభిమానం పెరిగింది.

ఇంటికెళ్లేసరికి రే టీవీని తిడుతున్నాడు. ఇక దాచే పనిలేదని లోరేన్ చెప్పేసింది. "అతని పేరు నిన్ననే కుట్టాను."

రే టీవీ ఆపేశాడు. "నిన్న... పిరోగీలు తినేటప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

"కాపురం మొదలైన దగ్గర్నుంచీ నీకన్నీ చెప్తున్నాను కదే!"

"నువ్వు చెప్పేవి నేనడగను కదా."

అతను చాలాసేపు ముడుచుకుని కూర్చున్నాడు. చివరికి ఉండబట్టలేక, "ఎలా ఉంది జెర్సీ?" అన్నాడు.

"బాగుంది. పేరు నిండుగా పట్టింది."

"ఓసారి చూపిస్తావా?"

"విప్పేశానుగా. కుట్లన్నీ."

"ఒక్కరోజు ఆగలేకపోయావటే, తల్లీ!" అని రే రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. లోరేన్‌కి నవ్వాగలేదు. కాసేపటికి అతనికీ ఆగలేదు.

ఆ ఏడు రివెటర్స్ మొదటి రౌండులోనే ఓడిపోయారు. ఎండాకాలంలో లోనీ ఒప్పందం ముగిసి, తక్కువ జీతానికి వేరే ఊరు వెళ్లాడు. వెళ్లేముందు పాపను వెంటబెట్టుకుని కిందికొచ్చాడు. ఆ పిల్ల బొమ్మను చంకన పెట్టుకుని గదంతా కలయజూసి, "మా నాన్న రోజూ ఇక్కడే ఆడేవాడా?" అని అడిగింది. లోరేన్ పిల్లను ఎత్తి మిషను ముందు కూర్చోబెట్టుకుంది.