సగం కప్పు టీ

మా గదిలో నేను ఎవరికీ కప్పు నిండా టీ పొయ్యను. కొత్తగా వచ్చినవాళ్ళు వీడెవడో పిసినారి అనుకుంటారు. అనుకోనివ్వండి, నాకేం? మేం వేసుకునే మాత్రలకి చేతులు వణుకుతాయి. నిండా పోస్తే సగం ఒళ్ళో, సగం నేల మీద. తుడవాల్సింది మళ్ళీ నేనే. అందుకని సగమే పోసి ఇస్తాను, కావాలంటే ఇంకో సగం పోస్తాను.

గది అంటే పోస్టాఫీసు పైన, చేతులు విరిగిన కుర్చీలన్నీ పడేసే గది. శనివారం నాలుగింటికి ఎనిమిదిమందిమి చేరతాం. అందరం సైన్యంలో చేసొచ్చినవాళ్ళమే, అందరం మతి చెడి ఆస్పత్రిలో పడి లేచినవాళ్ళమే. డాక్టరు ఉండడు, నర్సు ఉండదు. ఒకరి గోడు ఒకరం వింటాం, అంతే. నేను పదహారేళ్ళు సైన్యంలో వంట చేశాను. గరిటె తిప్పేవాడికి మతి ఎందుకు పోయిందయ్యా అని మా బామ్మర్ది ఇప్పటికీ ఎకసెక్కం చేస్తాడు. పొద్దున్నే ఇరవైమందికి వండిపెడితే రాత్రి తినడానికి పదకొండుమందే తిరిగొస్తే తెలిసేది వాడికి.

ఈ గదిని నిలబెట్టింది మా సార్జెంటు గారు. నేలలో దాచిన మందుపాతరలు వెతికి తీసే పని ఆయనది. ఇంటికొచ్చాక దర్జీ కొట్టు పెట్టుకున్నారు. ఒకరోజు ఆ కొట్టు ముందే నడిరోడ్డు మీద బోర్లా పడుకుని, కింద పాతర ఉంది, ముందుకు రాకండని బస్సులన్నీ ఆపేశారు. ఏడాది ఆస్పత్రిలో ఉంచారు. పదకొండేళ్ళ కిందటి మాట ఇది. మాత్రలు వేసుకున్నంత కాలం ఆయనకి రోడ్డు రోడ్డులాగే కనిపించింది. మానేస్తే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. ఆయనకి ఇంకా బాగా తెలుసు.

ప్రతి శనివారం ఒక్కొక్కరినీ మూడే అడిగేవారు. నిద్రపట్టిందా, మాత్రలు వేసుకున్నావా, ఎవరిమీదైనా చెయ్యి చేసుకున్నావా. అబద్ధం చెబితే ఇట్టే పట్టేసేవారు. ఓసారి నేను మాత్రలు మానేశానని కనిపెట్టి ఏకంగా మా వంటింట్లోకొచ్చి కూర్చున్నారు. మింగేదాకా కదలలేదు. మింగాక నోరు తెరిపించి నాలుక కింద కూడా చూశారు, చంటిపిల్లాడికి చూసినట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ రోజు ఆయన రాకపోయుంటే ఇవాళ ఈ కబుర్లు చెప్పడానికి నేనుండేవాణ్ణి కాదు.

అలాంటి మనిషిని తిరిగి ఆ మూడూ అడిగినవాడు మాలో ఒక్కడు లేడు. యూనిఫాం విప్పి ఎన్నేళ్ళయితేనేం, పైవాణ్ణి కిందివాడు నిలదీయకూడదన్నది మా ఎముకల్లో ఉండిపోయింది. అడగడం ఆయన పని, చెప్పడం మా పని. తగలెయ్య, ఆ అలవాటే మా కొంప ముంచింది.

వణికే చేతులతో దర్జీ పని ఎలా సాగుతుంది చెప్పండి. మిషను మీద ఎలాగో నెట్టుకొచ్చేవారు. చేతికుట్టు మాత్రం ఆయన వల్ల అయ్యేది కాదు. చొక్కాలకి కాజాలు కుట్టించడానికి పక్కవీధి కొట్టుకి పంపేవారు. సూదిలో దారం వాళ్ళావిడ ఎక్కించి ఇచ్చేది. ఎప్పుడూ నోరు తెరిచి బాధపడింది లేదు. డాక్టరుతో ఒక్క మాట చెబితే మాత్ర మార్చేవాడే. చెప్పలేదు. మాకు నోరు విప్పడం నేర్పిన మనిషి, తన దాకా వచ్చేసరికి నోరు కుట్టేసుకున్నారు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఓ శనివారం, అలవాటుగా సగం పోసి ఆపాను.

"నిండా పొయ్యవోయ్," అన్నారు.

పోశాను. కప్పెత్తి తాగారు. ఒక్క బొట్టు ఒలకలేదు. తర్వాత తన చొక్కా కాజాలు చూపించారు. తనే చేత్తో కుట్టుకున్నారట, పోసిన ముత్యాల్లా ఉన్నాయి. మావాళ్ళంతా ఒకటే నవ్వులు, చప్పట్లు. బయటివాళ్ళకైతే అది మంచి కబురే. మాకు కాదు. చెయ్యి నిలిచిందంటే మాత్ర కడుపులో పడలేదని మాలో తెలియనివాడెవడు? తెలిసే చప్పట్లు కొట్టాం. ఉన్నమాట చెప్పాలంటే, ఈ జబ్బు నుంచి ఒక్కడైనా పూర్తిగా బయటపడ్డాడని నమ్మాలనిపించింది నాకు. ఆయన బయటపడితే రేపు నేనూ బయటపడొచ్చు కదా అని ఆశ.

ఏడు శనివారాలు నిండు కప్పు పోశాను. ఏడోసారి ఆయన మెట్లు దిగుతూ నడుమ అడుగు వెయ్యకుండా, గోడ వారనే కాలితో తడుముకుంటూ దిగడం చూశాను. పాతరలు వెతికేవాడి నడక అది. ఇవాళ అడిగెయ్యాల్సిందే అనుకుని వెనకే పరిగెత్తాను. వీధిలో ఆగి నావైపు తిరిగారు. ఏమన్నా చెప్పాలా అన్నారు. పదహారేళ్ళ సెల్యూట్లు గొంతుకి అడ్డం పడ్డాయి.

"పంచదార సరిపోయిందా సార్?" అన్నాను.

సరిపోయిందని తలూపి వెళ్ళిపోయారు. ఆయన్ని చూడడం అదే ఆఖరు.

బుధవారం పొద్దున బడి పిల్లలు వెళ్ళే వేళకి మలుపు దగ్గర నడిరోడ్డు మీద చేతులు చాపి నిలబడ్డారట. పాతర ఉందని రెండు బళ్ళని వెనక్కి పంపేశారట. మలుపు తిరిగొచ్చిన లారీకి ఆయన కనిపించేసరికే ఆలస్యమైపోయింది. ఆస్పత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

నెల తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. ఓదార్చడానికి కాదు, తిట్లు తినడానికి. వాళ్ళావిడ, నేను అక్కా అని పిలిచే మనిషి, కొట్లో ఒక్కతే కూర్చుని, కుట్టకుండా మిగిలిన గుడ్డలు ఎవరివి వాళ్ళకి ఇవ్వడానికి మూటలు కడుతోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. నిండు కప్పు చెప్పాను, చప్పట్లు చెప్పాను, మెట్లు చెప్పాను. నా నోట్లోంచి ఒక్క మాట ఊడిపడి ఉంటే ఆయన ఇవాళ ఈ మిషను ముందు ఉండేవారక్కా అని ఏడ్చాను. చెప్పుతో కొట్టినా పడదామనే వెళ్ళాను.

ఆవిడ చేతిలో మూట ముడి వేసి పక్కన పెట్టింది.

"నాకు నీకంటే ముందే తెలుసు తమ్ముడూ. మాత్రలు చెత్తబుట్టలో రోజూ కనిపించేవి. పదకొండేళ్ళ తర్వాత ఆయన నాతో నవ్వుతూ అన్నం తిన్నారు. అడిగితే మళ్ళీ వేసుకుంటారని, అడగలేదు."