భుయిగావ్ ఒడ్డున ఒక చెవి పరీక్ష

1998 చలికాలంలో నన్ను ఠాణే నుంచి భివండీలోని ఒక కార్మికుల ఆసుపత్రికి మార్చారు. నా హోదా ఆడియాలజిస్ట్. అంటే డాక్టర్ని కాదు. మందు రాయను, కత్తి పట్టను. ఎవరికి ఎంత వినపడుతుందో యంత్రంతో కొలిచి, ఆ గీతల కాగితాన్ని చెవి, ముక్కు, గొంతు సర్జన్‌కు పంపడంతో నా పని సరి. ఈ తేడా ఎంత విడమరిచి చెప్పినా, భివండీలో తెలుగు నేతవాళ్లుండే పద్మనగర్ వాళ్లు నన్ను డాక్టరమ్మ అనే పిలిచారు. మొదట్లో సరిదిద్దేదాన్ని. తరువాత ఓపిక పోయింది.

అక్కడికి వెళ్లిన కొద్దిరోజులకే రాజేశం వచ్చాడు. కరీంనగర్ వైపు నుంచి వచ్చి, పద్మనగర్‌లో సాంచాలు నడుపుతున్న మనిషి. మరమగ్గాలను వాళ్లు సాంచాలంటారు. షెడ్డులో కింద సాంచాలు, పైన చెక్క అటక మీద అతని కాపురం. అంటే పని చేసినా, పడుకున్నా అదే చప్పుడు. ఆ జీవితం నుంచి బయటపడాలని రాత్రిళ్లు లారీల మీద డ్రైవింగు నేర్చుకున్నాడు. పెద్ద బండి లైసెన్సు సంపాదించాడు. ఎస్టీ, అంటే మహారాష్ట్ర సర్కారు బస్సు డ్రైవరు ఉద్యోగానికి ఎంపికయ్యాడు కూడా. ఇక మిగిలింది వైద్య పరీక్ష. కళ్లు బాగున్నాయన్నారు, గుండె బాగుందన్నారు. చెవుల పరీక్ష మా దగ్గర చేయించుకుని రమ్మన్నారు.

వెంట అతని భార్య భాగ్య వచ్చింది. మాట పదునైన మనిషి. “ఇంట్ల పిలిస్తె పలుకడు మేడం. బయటోళ్లతోని మాత్రం గంటలు గంటలు మాట్లాడ్తడు” అంది. ఇది చెవి జబ్బు కాదమ్మా, మొగుళ్ల జబ్బు, దీనికి మా దగ్గర యంత్రం లేదు అన్నాను. రాజేశం పడి పడి నవ్వాడు.

పరీక్ష పద్ధతి చెబుతాను. చప్పుడు చొరబడని చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్ పెడతాం. మా చేతి కదలికలు కనిపించకుండా అతని కుర్చీ గోడవైపు తిప్పి ఉంటుంది. సన్నవీ బొంగురువీ రకరకాల స్వరాలు ఒక్కొక్కటిగా వినిపిస్తాం, అంతకంతకూ మెల్లగా. వినపడితే అతను మీట నొక్కాలి. ఇలా చేయాలని నేను చెబుతుంటే రాజేశం ప్రతి మాటకూ తలాడించాడు, రెండు తెలివైన ప్రశ్నలు కూడా అడిగాడు. తీరా పరీక్ష మొదలయ్యాక మీట మోగదే! బాగా గట్టి స్వరాలకు తప్ప స్పందన లేదు. గీత చూస్తే అరవై ఏళ్ల ముసలివాడి చెవుల్లా ఉంది. అతనికి ముప్పై అయిదు కూడా ఉండవు.

సర్జన్‌గారికి చూపించాను. మనిషి నాతో హాయిగా మాట్లాడుతున్నాడు, నీ యంత్రం పాడై ఉంటుంది అన్నారు. యంత్రాన్ని నా చెవులతోనే సరిచూశాను. అది బాగానే ఉంది. మరి ఈ రెండూ ఎలా పొసగుతాయి? అప్పుడే నాకు తట్టింది, అతను మగ్గాల దగ్గర పాళీ, అంటే షిఫ్టు, దిగి నేరుగా వచ్చాడని. పెద్ద చప్పుడులో గంటలకొద్దీ ఉన్న చెవి తాత్కాలికంగా మొద్దుబారుతుంది, విశ్రాంతినిస్తే కొంత కోలుకుంటుంది. అందుకే ఇలాంటి పరీక్షకు ముందు చెవిని చాలాసేపు చప్పుడుకు దూరంగా ఉంచాలన్నది నియమం. పుస్తకంలో ఒక్క వాక్యం. పద్మనగర్‌లో అది జరిగే పనేనా? శుక్రవారం మగ్గాలకు సెలవు, నిజమే. కానీ ఆ రోజే సాంచాల మరమ్మతులు. ఇనుము మీద సుత్తి దెబ్బలు, గుడి మైకు, గల్లీ గల్లీకీ టేపురికార్డర్లు.

శుక్రవారం ఎక్కడికైనా దూరంగా పొండి, సాయంత్రం తిన్నగా ఆసుపత్రికి రండి అన్నాను. ఎక్కడికి పోవాలో వాళ్లకు తెలియదు. భాగ్య కాసేపు ఆలోచించి, “సముద్రం గీడ్నే ఉన్నదట గద మేడం. ఇన్నేండ్లాయె, సూడనే లేదు” అంది. నాకు ఆశ్చర్యమేసింది. వసయీ ఒడ్డు ఎస్టీ బస్సులో పోయి వచ్చేంత దూరమే. అతనికి ఆ రోజంతా చప్పుడు తగలకుండా చూసే మనిషి కావాలి. నిజం చెప్పాలంటే, ఆ చిక్కుముడి ఏమిటో తెలుసుకోకపోతే నాకు నిద్రపట్టేలా లేదు. ఆడియాలజిస్ట్ డ్యూటీ పరీక్ష గది గుమ్మం దగ్గర ఆగిపోతుందని సర్జన్‌గారు గుర్తుచేశారు. సెలవు చీటీ రాసిచ్చి నేనూ వస్తానన్నాను.

శుక్రవారం పొద్దున వసయీ బస్సు ఎక్కాకగానీ నా తెలివితక్కువతనం నాకు తెలిసిరాలేదు. నిశ్శబ్దం కోసం ఎస్టీ బస్సెక్కేవాళ్లు ఉంటారా? కిటికీ అద్దాలు, సీట్లు, అడుగున రేకులు, అన్నీ ఒకేసారి గడగడమంటున్నాయి. అదృష్టం కొద్దీ సంచిలో చెవిలో పెట్టుకునే రబ్బరు బిరడాలున్నాయి. ఇద్దరికీ ఇచ్చాను. కండక్టరు మాట వినపడటం లేదని భాగ్య వెంటనే పీకేసింది. రాజేశం మాత్రం బుద్ధిగా పెట్టుకుని, డ్రైవరు పక్కనున్న సీటు సంపాదించి, గేరు మార్చే చేతినే చూస్తూ కూర్చున్నాడు. కొత్త అల్లుడి ముఖంలా వెలిగిపోతోంది అతని ముఖం. మధ్యమధ్య వెనక్కి తిరిగి మాకు వివరాలు చెప్పాడు. ఆ వంపులో మూడో గేరు చాలదట, ఈ డ్రైవరు క్లచ్చు మీద కాలు తీయడట. నేనేదో అడిగితే తడుముకోకుండా జవాబిచ్చాడు. బిరడాలు పెట్టుకుని ఇంత బాగా వింటున్నాడంటే ఈ సర్కారు సరుకు ఎంత నాసిరకమో అనుకున్నాను.

కామణ్ దగ్గర బస్సు ఆగింది. రోడ్డుకు అవతల టీ బండి దగ్గర ఇద్దరు మనుషులు చేతులూపుతూ పోట్లాడుకుంటున్నారు. లారీల మోతలో నాకు ఒక్క ముక్క వినపడలేదు. రాజేశం తాపీగా భార్యకు చెప్పాడు, “ఆని బర్రె ఈని కేలి తోటల పడ్డదట. నిన్న గూడ గట్లనే పడ్డదట.” కేలి అంటే మరాఠీలో అరటి. నేను నోరు వెళ్లబెట్టాను. ఇంత దూరం వినగలిగిన చెవులకు పరీక్ష దేనికి? అక్కడే మనసులో అతన్ని పాస్ చేసేశాను. నాకు చాలా సంతోషం కలిగింది కూడా.

వసయీలో బస్సు మారి భుయిగావ్ వెళ్లే చిన్న బస్సెక్కాం. దారి పొడవునా అరటి తోటలు, తమలపాకుల పందిళ్లు, బావులు, మధ్యమధ్య తెల్లటి చర్చీలు. భివండీకి ఇంత దగ్గరలో ఇంత పచ్చదనం ఉందంటే భాగ్య నమ్మలేకపోయింది. బస్సులో చేపల బుట్టలతో కోలీ ఆడవాళ్లు ఎక్కారు. ఆ వాసనకు నేను ముక్కు మూసుకుంటే, భాగ్య మాత్రం బుట్ట మీది గుడ్డ తీయించి ఒక్కో చేప పేరూ అడిగి తెలుసుకుంది. మరాఠీలో ఆమె నాకంటే నయం. ఊరి చివర దిగి నడిచాం. వెదురు గడల మధ్య కట్టిన తాళ్ల మీద బొంబిల్ చేపలు వరసగా ఆరేసి ఉన్నాయి. అచ్చం రంగు వేసిన నూలు ఆరేసినట్టే ఉన్నదని రాజేశం ఆగి ఆగి చూశాడు. తాడు ఎలా కట్టారో, వాన వస్తే ఏం చేస్తారో అక్కడి ముసలామెను అడిగాడు. ఆమె బోసినోటితో, సగం వేరే యాసలో చెప్పింది. నాకు అర్థం కానిది అతనికి అర్థమైంది.

సరుగుడు తోట నీడలో సముద్రానికి ఎదురుగా ముగ్గురం ఒకే వరసలో కూర్చున్నాం. పోటు తగ్గి నీళ్లు వెనక్కి పోయాయి. అలల చప్పుడు మెల్లగానే ఉంది. భాగ్య తెచ్చిన జొన్నరొట్టెల మూట విప్పుతుంటే, “రాజేశం, ఆకలి వేస్తోందా?” అని అడిగాను. పలకలేదు. బిరడాలు గుర్తొచ్చి, తీశావా అని అడిగాను. దానికీ పలకలేదు. వంగి చూస్తే చెవులు ఖాళీగానే ఉన్నాయి, బస్సు దిగగానే తీసేశాడు. భాగ్య అతని భుజం మీదుగా నావైపు చూసి, “గిదే మేడం నేను మొత్తుకునేది. ఆయనకు ఇష్టమైతెనే పలుకుతడు” అంది. ఈ మాటకూ అతను తిరగలేదు. సముద్రాన్నే చూస్తున్నాడు.

లేచి అతని వెనక్కి వెళ్లి పేరు పెట్టి పిలిచాను, మామూలు గొంతుతో, తరువాత కాస్త గట్టిగా. లాభం లేదు. అప్పుడు ముందుకొచ్చి అతనికి ఎదురుగా కూర్చున్నాను. గొంతు బయటికి రానివ్వకుండా, ఉత్త పెదవులు కదిలించి, నీ పేరేంటి అన్నాను.

“రాజేశం అని మీకెరుకే గద మేడం” అన్నాడు నవ్వుతూ.

భాగ్య చేతిలోని రొట్టె మూట ఒళ్లోకి జారింది. ఆమెకు నా గొంతు వినపడలేదు, మొగుడి జవాబు వినపడింది. నన్ను పక్కకు జరిపి తనూ ఎదురుగా కూర్చుని, అలాగే పెదవులతో ఏదో అడిగింది. అతను కొడుకు బడి ఫీజు సంగతి మొదలుపెట్టాడు. ఆమె అక్కడే ఏడ్చేసింది. ఎందుకు ఏడుస్తోందో అతనికి తెలియదు.

విషయం మెల్లగా విడమరిచి చెప్పాను. అతను నమ్మలేదు. “కార్ఖాన్ల గొంతెత్తి ఎవడు మాట్లాడ్తడు మేడం? మాట్లాడినా ఏం ఇనవడ్తది? పెదిమెలు ఆడిస్తె సాలు, అందరం గట్లనే ఇంటం” అన్నాడు. అదీ సంగతి. సాంచాల మధ్య పెదవులు చూసి అర్థం చేసుకోవడం అక్కడ అందరికీ వచ్చిన పని. అందరూ దాన్నే వినడం అంటారు. చెవి ఎప్పుడు తప్పుకుందో, కన్ను ఎప్పుడు ఆ పని అందుకుందో అతనికి తెలియనే లేదు. టీ బండి దగ్గరి పోట్లాటను అతను చూశాడు. బస్సులో మావైపు తిరిగినప్పుడల్లా మా మాటలు చూశాడు. పొయ్యి దగ్గర నుంచి వీపు చాటున పిలిచే పెళ్లాం మాట ఒక్కటే అతనికి కనిపించలేదు.

కాసేపటికి అతనే తేల్చుకున్నాడు. “బండి నడిపేటప్పుడు ఎనకున్నోని మొఖం కనవడది గద” అన్నాడు. భాగ్య మాత్రం ఊరుకోలేదు. మాట్లాడి పరీక్ష చేస్తే పాసవుతాడు కదా, అట్లనే రాయరాదా మేడం అని నా చేయి పట్టుకుంది. ఆ అటక కాపురం నుంచి ఎప్పుడు బయటపడదామా అని ఆమె ఎన్నాళ్లుగా ఎదురుచూస్తోందో నాకు తెలుసు. రాయాలనీ అనిపించింది. వెనక నుంచి హారను కొట్టే లారీ, అడ్డొచ్చే సైకిలు కళ్ల ముందు మెదిలి, నాకు చేతకాదమ్మా అన్నాను.

తిరుగు బస్సులో అతని చెవులకు మళ్లీ బిరడాలు పెట్టించి, సాయంత్రం ఓపీడీ మూసేలోగా పరీక్ష చేశాను. సన్నటి స్వరాలకు చెవులు అలాగే ఉన్నాయి. అది పోయినట్టే, ఇక రాదు. బొంగురు స్వరాల దగ్గర మాత్రం గీత కొంత పైకి లేచింది. అంటే ఒక్కరోజు విశ్రాంతికే కొంత తిరిగి వచ్చింది. డ్రైవరు పనికి తగడని రాశాను. దాని కిందే, ఇక మీదట మగ్గాల చప్పుడులో పని చేయకూడదని, చప్పుడు లేని పని ఇప్పిస్తే మిగిలిన వినికిడి నిలుస్తుందని రాశాను. మొదటి వాక్యం మాత్రమే ఉద్యోగం వాళ్లకు కావాలి. రెండోది ఎవరూ అడగలేదు. నయం చేయలేనప్పుడు పరీక్ష ఎందుకు చేశావని భాగ్య నిలదీసింది. న్యాయమైన ప్రశ్నే.

కొంతకాలానికి భివండీలోనే కనేరిలో బట్ట మడతలు వేసే గోదాములో రాజేశానికి పని దొరికిందని తెలిసింది. మరుసటి ఏడాది పరీక్షకు వచ్చాడు. గీత దిగజారలేదు.

ఈ సంఘటనతో నా పద్ధతిలో ఒక్కటి మార్చుకున్నాను. మనిషి ఎంత చక్కగా మాట్లాడుతున్నాడన్నది వినికిడికి కొలత కాదు, ముఖ్యంగా మగ్గాల ఊళ్లో. అందుకని యంత్రం దగ్గరికి పోకముందే, నోటికి ఒక కాగితం అడ్డం పెట్టుకుని మామూలు గొంతుతో పేరూ ఊరూ అడిగేదాన్ని. బాగా వినపడుతుందని చెప్పి వచ్చినవాళ్లలో చాలామంది మర్యాదగా నా కళ్లలోకి చూస్తూ, నేను ఎప్పుడు మాట్లాడతానా అని ఎదురుచూసేవాళ్లు. నేను అప్పటికే అడిగేసి ఉండేదాన్ని.