పసుపు పడిన పాలపిట్టలు

నిన్న మా మనవరాలు చిన్న యంత్రమొకటి బల్ల మీద పెట్టుకుని, పిడి తిప్పుతూ అట్టముక్కల్లోంచి సీతాకోకచిలుకల్ని కత్తిరిస్తుంటే నా చేతులు ఊరుకోలేదు, నేనూ ఒకసారి తిప్పి చూశాను. ఎంత సుకుమారమైన పనమ్మా అది! మా రోజుల్లో ఇదే పనికి ఇంట్లో సుత్తి మోత మోగిపోయేది, ఏం కడుతున్నారోనని పక్కింటివాళ్లు తొంగి చూసేవాళ్లు.

నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజులవి. సిద్దిపేట బజారులో మా మామగారికి నోటుపుస్తకాలు, పెళ్లికార్డులు అమ్మే దుకాణం ఉండేది. పుట్టింట్లో నీటిరంగులు వేయడం నేర్చుకున్న నాకు ఆ కాగితాల వాసనకే ప్రాణం లేచివచ్చేది గానీ, మా ఇంటి ఆడవాళ్లెవరూ దుకాణంలో కూర్చున్న దాఖలా లేదు. నాకేమో అక్కడే కూర్చోవాలని మొండి కోరిక. పోరగా పోరగా మా మామగారు ఒక మాటన్నారు. దసరాకు నా చేత్తో కార్డులు చేయాలి, నలుగురూ మెచ్చి కొంటే డబ్బులుండే గల్లా పక్కన కుర్చీ నాది, లేదంటే మళ్లీ ఆ ఊసెత్తకూడదు.

దసరానాడు పాలపిట్టను చూడందే మనకు పండగ పూర్తికాదు కదా, ఊరు విడిచి దూరాన ఉన్నవాళ్లకు ఆ పిట్టనే కార్డులో పంపితే ఎలా ఉంటుందనిపించింది. మా ఆయన కమ్మరితో పిట్ట ఆకారంలో ఇనుప అచ్చు చేయించి తెచ్చారు. అట్ట మీద దాన్ని నిలిపి సుత్తితో గట్టిగా కొడితే పిట్ట ఊడిపడి, ఆ జాగాలో పిట్టంత కిటికీ మిగిలేది. అట్ట లోపల పెట్టే కాగితాన్ని తడిపి నీలం రంగు పారిస్తే, కార్డు మడిచినప్పుడు కిటికీలోంచి కనిపించే ఆ నీలమే పాలపిట్ట అన్నమాట.

పండగ దగ్గర పడ్డాక, రంగు వేసిన కాగితాలన్నీ డాబా మీద ఆరబెట్టి వంట చూసుకోవడానికి కిందికి దిగాను. తిరిగి వెళ్లేసరికి మా అత్తమ్మ పసుపు గిన్నె ముందు పెట్టుకుని, ప్రతి కాగితానికీ నాలుగు మూలలా తడిపసుపు అద్దుతోంది!

“శుభం కాయితాలకు పసుపు పెట్టక ఎట్ల పంపుతవు బిడ్డా? మర్శిపోయినవని నేనే పెడుతున్న” అంది, నాకేదో పెద్ద సాయం చేసినట్టు. తడి మీద పసుపు నిలుస్తుందా, పాక్కుంటూ నీలంలోకి దిగిపోయింది. మళ్లీ మొదలుపెడదామంటే వ్యవధి లేదు, ఆమెను ఒక్క మాటందామంటే నోరు రాదు. ఆ కుర్చీ ఇక నాది కాదనుకుని గోడ వైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆరాక, మనసొప్పకపోయినా ఒకదాన్ని కిటికీ అట్టలో పెట్టి మడిచి చూశాను. నీలంలో పసుపు కలిసినచోట లేత ఆకుపచ్చ మెరుపొకటి వచ్చి, అంతకుముందు సిరాలో ముంచి తీసినట్టున్న పిట్టకు ఎక్కడలేని జీవం వచ్చింది. ఏ రెండూ ఒకేలా లేవు. మా మామగారు అద్దాలు సవరించుకుని చూసి, “అరే, గిది ఎగిరిపోయేటట్టే ఉన్నది గదా!” అన్నారు. భివండి మగ్గాలకో దుబాయికో బతుకుదెరువుకు పోయిన వాళ్ల ఇళ్లవాళ్లు వచ్చి, ఏరుకుని మరీ కొన్నారు. పండగకు ఒక్కటీ మిగల్లేదు.

నేను గల్లా పక్కన కూర్చున్న మొదటి రోజు, ఎన్నడూ ఆ గడప తొక్కని మా అత్తమ్మ కొంగు సర్దుకుంటూ వచ్చి కాసేపు గుమ్మంలో నిలబడింది. ఏమైనా కావాలేమోనని లేవబోయాను. “జర జరుగు, నేను గూడ కూసుంట” అంది.

ఇప్పుడు కార్డులు కొనేవాళ్లు లేరు, పండగ శుభాకాంక్షలన్నీ ఫోన్లోనే వచ్చి ఫోన్లోనే పోతున్నాయి, అది తలుచుకుంటే దిగులుగానే ఉంటుంది. కానీ ఇదే బజారులో ఇవాళ ఎన్ని దుకాణాల్లో ఆడవాళ్లు గల్లా మీద కూర్చున్నారో, తలెత్తి వింతగా చూసేవాళ్లు ఒక్కరూ లేరు! నేను మాత్రం చూస్తాను. అవసరం లేకపోయినా ఏదో ఒకటి కొని, వాళ్లతో రెండు మాటలు మాట్లాడి గానీ ఇంటికి రాను.