పక్కింటి ఆంటీ డ్రైవింగ్

ప్లేనో ఊళ్లో మా పక్కింటి ఆంటీ రిటైరైన మత్తు డాక్టర్. పికప్ ట్రక్కుకి ట్రైలర్ తగిలించాక, రెంటినీ కలిపే గొలుసులు లాగి చూడందే స్టీరింగ్ ముట్టేవారు కాదు.

ఒకసారి మమ్మల్నీ తీసుకెళ్లారు. దిగుడు రోడ్డులో పక్కగాలికి వెనక ట్రైలర్ ఊగసాగింది.

"బ్రేక్ వెయ్యి," అని అంకుల్ అరిచారు.

ఆంటీ ట్రక్కు బ్రేక్ తొక్కలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, స్టీరింగ్ పక్కన విడిగా ఉండే ట్రైలర్ బ్రేక్ మీట మాత్రం చేత్తో మెల్లగా నొక్కారు. "ఏం కాదు, ఊపిరి తీసుకోండి," అన్నారు, పేషెంట్‌తో మాట్లాడినంత నెమ్మదిగా. ఊపు ఆగింది.

పక్కకి ఆపి చూస్తే, అంకుల్ నీళ్ల క్యాన్లన్నీ ట్రైలర్ వెనక చివర సర్దారు. బరువంతా అక్కడే పడబట్టి ట్రైలర్ అంతలా ఊగింది.

"నావల్లే," అన్నారాయన.

"ముందుకి మార్చేద్దాం, పట్టండి," అన్నారావిడ. క్యాన్ అందుకోబోతే ఆవిడ చేతులు వణికాయి. అంకుల్ ఆ చేతులు రెండూ పట్టుకుని నిలబడ్డారు.