ఎర్ర గుడ్డ కట్టిన కాయ

బస్సు షెడ్డు మూతపడ్డాక వీధిలో సగం మందికి పని పోయింది. షెడ్డు వెనక నూనె మరకల నేలను తవ్వి తలా ఒక మడి పంచుకున్నారు. ఆదర్శమూ లేదు, పాడూ లేదు, ఆకలి. ఎండాకాలం కూరల ధరలు చుక్కలనంటినా ఆ వీధి కంచాల్లో కూర కనపడిందంటే అది షెడ్డులో పని పోయిన ఒక డ్రైవరు సొరపాదుల పుణ్యమే. మిగతావన్నీ మాడిపోయినా అవి కాసేవి. ఏటా విత్తనాలు ఆయనే పంచేవాడు. ఆయన ఉన్నాడుగా అని ఇంకెవరూ ఒక్క గింజా దాచలేదు.

ఆయన భార్య దర్జీ. స్కూలు యూనిఫాంలు కుట్టీ కుట్టీ సాయంత్రానికి నడుము ఆమె మాట వినేది కాదు. మడి మొహం చూసింది లేదు. "నీకు ఆ పాదే పెళ్ళాం, నేను అద్దెకున్నదాన్ని" అని దెప్పేది.

ఊపిరితిత్తులు పాడై డ్రైవరు ఆసుపత్రి పాలయ్యాక ఆమెకు మడికి పోక తప్పలేదు.

"ఎర్ర గుడ్డ కట్టిన కాయ జోలికి పోకు" అన్నాడాయన, ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి. "విత్తనానికి వదిలాను. ఈసారి అదొక్కటే నిలిచింది."

"కాపలా కాస్తాలే. ముందు ఆ గొట్టం పెట్టుకోవయ్యా."

వెళ్ళి చూస్తే గుడ్డ బిగుసుకుని తొడిమను కోసేస్తోంది. బిగువు తెలిసిన చేతులు కదా, ఊరుకోలేదు. విప్పేసింది. మర్నాడు మెత్తటి పీలిక తెచ్చి వదులుగా కడదామనుకుంది. మర్నాడు ఆయనకు ఆయాసం ఎక్కువై ఆసుపత్రి నుంచి కదలలేకపోయింది.

ఆ తోటలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా మంచాన పడితే వాళ్ళ మడిలో కాసింది పక్క మడివాళ్ళు కోసి, వండి, ఇంటికి చేరుస్తారు. గుడ్డ కట్టిన కాయను మాత్రం ఎవరూ ముట్టరు.

చీకటి పడ్డాక ఆమె ఇంటికొచ్చేసరికి మెట్ల దగ్గర పక్క మడి ఇస్త్రీ బాబాయి గిన్నెతో నిలబడి ఉన్నాడు.

"మీ పాదుదేనమ్మాయ్. కాస్త ముదిరి కత్తికి లొంగనంది. మీ పిన్ని చెక్కంతా తీసి వండింది. తిను, పుల్లలా అయిపోయావు."

"ఏ కాయ బాబాయ్?"

"ఉన్నదొక్కటేగా!"

"గింజలు?"

"ఇంకా పచ్చివేనమ్మా, మొలకెత్తేవి కావు. ఎరువు గుంటలో పడేశాం..." అప్పుడు వెలిగింది ఆయనకు. మొహం పాలిపోయింది. "గుడ్డ లేదమ్మా. ఉంటే ముట్టేవాణ్ణా?"

"నేనే విప్పాను బాబాయ్."

ఆయన గిన్నె మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. ఆ మెట్ల మీదే కూర్చుని తినేసింది. కూర కమ్మగా ఉంది. అందుకే ఏడుపొచ్చింది.

మర్నాడు డ్రైవరు కళ్ళు తెరుస్తూనే అడిగాడు: "కాయ ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఎండింది. ఊపితే లోపల గింజలు గలగలమంటున్నాయి."

పాదు మీద ముదిరి, కోశాక నెలల తరబడి ఎండితే గానీ సొరకాయలో గింజ మోగదు. తోటలో అందరికీ తెలిసిన సంగతే. ఆమెకే తెలియదు.

ఆయన ఆమెకేసి చాలాసేపు చూశాడు.

"మంచిదే. మరీ ఊపకు" అని గోడవైపు తిరిగాడు.

ఆయన భుజాలు అదిరాయి. దగ్గు తెర అనుకుని ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.