రెండు రోజులకొక ఊరు

ఎనభైల చివర్లో నేను ఖమ్మంలో ఒక విత్తనాల కంపెనీ బ్రాంచికి ఇన్‌ఛార్జిని. ఆఫీసంటే మేడమీద రెండు గదులు. కింద ఎరువుల దుకాణం, దాని వాసన మెట్లెక్కి మా టిఫిన్ డబ్బాల్లోకి కూడా వచ్చేది. నా కింద ఆరుగురు ఫీల్డ్ మనుషులు ఉండేవాళ్లు. మా విత్తనం పేరైనా వినని ఊళ్లకు సైకిళ్ల మీద పోయి, రైతులతో పరిచయం పెంచుకొని, వాళ్లను కొనడానికి సిద్ధం చేయడం వీళ్ల పని. ఆ తర్వాత అమ్మకం సంగతి డీలర్లు చూసుకునేవాళ్లు. ఒక వేసవి మొదట్లో ఈ ఆరుగురి మీదా ఒక మేనేజర్‌ను పెట్టమని హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది.

దరఖాస్తుల వడపోతలన్నీ అయ్యాక ఇద్దరు మిగిలారు. ఒకతను తల్లాడ వైపు యువకుడు. పొలాలున్న ఇల్లు, వ్యవసాయ డిగ్రీ, మోటారు సైకిలు. రెండో అతను మా ఆరుగురిలోనే పెద్దవాడు. దుమ్ముగూడెం అవతల ఒక గిరిజన గూడెంలో పుట్టి, పదమూడేళ్లుగా మా సైకిలు తొక్కుతున్నవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అయినా అతను నన్ను సార్ అనేవాడు, నేను అతన్ని నువ్వు అనేవాణ్ని. అందులో తప్పు నాకు కనిపించలేదు. అతనికి కనిపించిందేమో నేను అడగలేదు.

ఇంటర్వ్యూకు వారం ముందు అతను నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సార్, మోకాళ్లు వాస్తున్నయ్. దవాఖానల సైకిల్ బంద్ చెయ్యమన్నరు. గీ కొలువొస్తె జీపుల తిరుగుత. రాకపోతే ఇంకెన్ని దినాలు తొక్కుతనో నాకే తెల్వది."

"చూద్దాంలే" అన్నాను. ఆ మాటకు అర్థం ఏమీ ఉండదని ఇద్దరికీ తెలుసు.

అతను పనిచేసే తీరు నేను ఒకసారి వెంట పోయి చూశాను. కొత్త ఊరికి పోతే మొదటి రోజు విత్తనం ఊసెత్తడు. ఎవరి వాకిట్లోనో కూర్చుంటాడు, వాళ్ల భాషలో మంచినీళ్లు అడుగుతాడు. లేచేటప్పుడు గుప్పెడు జొన్న గింజలు ఇచ్చి, తడిగుడ్డలో కట్టి ఉంచమంటాడు. నాలుగో నాడు మళ్లీ పోయి, అందరి ముందూ ఆ మూట విప్పిస్తాడు. మొలకెత్తితేనే నోరు విప్పుతాడు. ఎత్తకపోతే సంచి భుజాన వేసుకొని వచ్చేస్తాడు. ఆ గూడేల్లో వానలకు ముందు విత్తనాల పండుగ చేస్తారు. అది జరగనిదే ఎవరూ గింజ వేయరు. ఇంటింటి విత్తనమూ తెచ్చి దేవత ముందు ఒక్క చోట పోస్తారు. ఆ కుప్పలో మా కంపెనీ జొన్న కూడా ఒక దోసెడు కలిసేదంటే, అది అతని చలవే.

ఇంటర్వ్యూ రోజు కరెంటు పోయింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఆఫీసరు ఫైలుతో విసురుకుంటున్నాడు. రోజుకు ఎన్ని ఊళ్లు చేయించగలవని ఇద్దరినీ అడిగాడు.

"ఐదు సార్. గట్టిగా అనుకుంటే ఆరు" అన్నాడు తల్లాడ యువకుడు.

"రెండు రోజులకొక ఊరు సార్" అన్నాడు మావాడు.

"ఇదేంటయ్యా, విత్తనాలమ్మడమా, పెళ్లిచూపులా?" అని ఆఫీసరు నవ్వాడు. నేనూ నవ్వాను. మావాడు నా వైపు చూశాడు. తడిగుడ్డ సంగతి, ప్రతి ఊరికీ రెండోసారి పోవాల్సిన సంగతి నేను చెబుతాననుకున్నాడు. ఒక్క మాట చాలు, నాకు తెలుసు. కానీ చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది, ఆకలేస్తోంది, ఎవరొస్తే నాకేంటి అనిపించింది. నా కాగితం మీద "నెమ్మది మనిషి, మేనేజరు పనికి సరిపోడు" అని రాసి సంతకం పెట్టాను.

కొత్త మేనేజరు చెడ్డవాడు కాదు. పొద్దున్నే వచ్చేవాడు, అందరికీ టీ తెప్పించేవాడు. రెండోసారి పోవడం మాత్రం ఎత్తేశాడు. కంపెనీ పరీక్ష చేసి పంపిన గింజను మళ్లీ గుడ్డలో కట్టి చూడటమేంటన్నాడు. తిరిగిన ఊళ్ల జాబితా పొడుగు పెరిగింది. హైదరాబాదు వాళ్లు మెచ్చుకుంటూ రాశారు. ఆ ఉత్తరం చదివి ఫైల్లో పెట్టాను.

పండుగకు ముందు మావాడు ఒకసారి పైకి వచ్చాడు. "ఈసారి గింజ చేతిల తేలికగ ఉన్నది సార్. గుడ్డల కట్టి చూసినంకనే ఇద్దాం."

"మేనేజర్‌తో చెప్పు."

"చెప్పిన సార్."

నేను కాగితాల్లోంచి తల ఎత్తలేదు. అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మేనేజరు చెప్పినట్టు అతనే తీసుకెళ్లి ఇచ్చిన ఆ గింజ పండుగలో కలిసింది. వానలు పడ్డాయి. మా జొన్న వేసిన చేలల్లో సగం కూడా మొలవలేదు. దేవత ముందు పెట్టిన గింజ చచ్చింది. పెట్టించింది కంపెనీ అని గూడెంలో ఎవరూ అనుకోలేదు. వాళ్లకు తెలిసింది అతనొక్కడే.

కంపెనీ జీపులో ఆ గూడేనికి నేనూ అతనూ కలిసి పోయాం. మొదటి ఇంట్లో ఒకావిడ ఉంటుంది, ఆమెను అతను పెద్దమ్మా అని పిలుస్తాడు. అతను ఆమె వాకిట్లో కూర్చొని మంచినీళ్లు అడిగాడు. ఆమె అతన్ని చూసింది. లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చాలాసేపు కూర్చొని లేచి వచ్చేశాం.

వానాకాలం పోయేసరికి మేనేజరు ఇంకో కంపెనీలో పెద్ద ఉద్యోగం దొరికి విజయవాడ వెళ్లిపోయాడు. నేను హైదరాబాదుకు గట్టిగా రాసి, మావాడి పేరు మీద ఆర్డరు తెప్పించాను. పిలిచి చేతికిచ్చాను. అక్షరం వదలకుండా చదివాడు.

"వొద్దు సార్."

"మరి మోకాళ్లు? ఇక జీపులోనే తిరగొచ్చు కదా."

"జీపుల వోతె ఎవరు కూసోమంటరు సార్? సైకిల్ మీదనే పోవాలె. మొదటి దినం లెక్కనే మళ్ల నీళ్లడగాలె. ఇస్తరో, ఇయ్యరో." కాగితం మడిచి నా బల్ల మీద పెట్టాడు. "రెండు దినాలల్ల అయ్యేటట్టు లేదు ఇప్పుడు."

గోడ పట్టుకొని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టుకుంటూ దిగాడు. కింద సైకిలు స్టాండు తీసిన చప్పుడు వినబడింది. నేను ఇంకో ఫైలు ముందుకు లాక్కున్నాను. ఆ రోజు నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు సిగ్గుపడుతున్నది దానికే.