కళ్లద్దాల్లోని పిల్ల

వికారాబాద్‌లో టీచర్ల శిక్షణ మొదటి రోజు ముగిసి, తాండూరు బస్సెక్కాను. పక్క సీట్లో గొంగడి ఒళ్లో పెట్టుకున్న ఒక అవ్వ ఉంది. నా ముఖం చూసి, "ఏమైంది బిడ్డా, గట్లున్నవ్?" అంది.

చెప్పాను. కళ్లకు పెద్ద అద్దాలు కట్టుకుంటే లేని తరగతి గది కనిపిస్తుందని, అందులోని కంప్యూటర్ పిల్లలకు పాఠం చెప్పాలని. చివరి బెంచీలో ఒక పిల్ల ఎంతకీ తలెత్తలేదు. మూడుసార్లు ప్రశ్న అడిగాను, నాలుగోసారి గద్దించాను. అందరిలోకీ నాకే తక్కువ మార్కులొచ్చాయి.

లేని పిల్లల సంగతి విని అవ్వ నవ్వలేదు. "మందల గొర్రె ఎనకబడితే మేం కొట్టి తోలం బిడ్డా. కాలు పట్టి జూస్తం. ముల్లుంటది" అంది. నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, ముల్లు ఎలా తీస్తారో అరచేతిలో గోటితో చూపించింది. ధారూరులో దిగిపోయింది.

మర్నాడు అద్దాలు కట్టుకోగానే నేరుగా చివరి బెంచీ దగ్గరికి వెళ్లి వంగి చూశాను. బల్ల కింద ఆ పిల్లకు కాళ్లే లేవు. కంప్యూటర్లో ఆ బొమ్మ గీసినవాళ్లు నడుము దాకా గీసి వదిలేశారు.

సోమవారం మా బడిలో, ఏడాదిగా నోరు విప్పని ఒక పిల్ల పక్కన నేల మీద కూర్చున్నాను. మెల్లగా ఆ పిల్ల కాలి చెప్పు తీసి, పాదం చేతిలోకి తీసుకున్నాను. ముల్లేమీ లేదు.

"ఏం జూస్తున్నరు టీచర్?" అని అడిగింది ఆ పిల్ల.